ఏడింటికి వచ్చే గొంతు

"బస్సు ఎక్కంగనే ఒక ఫోను, దిగంగనే ఒక ఫోను. కిటికీ పక్కన కూసుంటే చెయ్యి బయటికి పెట్టకు. ఎనకంగ ఎవడన్న వస్తున్నట్టు అనిపిస్తే నలుగురున్న కాడ నిలవడు. ఇంటున్నవా శృతీ?"

"అమ్మా, నేను ఇంకా పళ్లు తోముకుంటున్న."

"తోముకో. తోముకునుడు అయినంక చెయ్యి."

జనగామలో మా అక్క ఇంట్లో ఉండి డిగ్రీ చదువుతున్న నా కూతురు నవ్వి ఫోను పెట్టేసింది. స్టేషన్‌లో కూడా నవ్వుతారు. ఏఎస్సై ఓదెమ్మకు కుక్క మొరిగితే దొంగ, పిల్లి అరిస్తే శవం కనబడతాయని మావాళ్ల మాట. పదో తరగతితో కానిస్టేబుల్‌గా చేరి ఇరవై నాలుగేళ్లయింది. నేను భయపడ్డవాటిలో సగం జరగలేదు. జరిగిన సగం మాత్రం ఒక్కటి కూడా మరచిపోలేదు.

శుక్రవారం పొద్దున తొమ్మిదిన్నర. మహబూబాబాద్ స్టేషన్ వరండాలో బెంచీ ఖాళీగా ఉన్నా తారి కిందనే కూర్చుంది. బయ్యారం అవతల, అడవి అంచున ఉన్న తండా ఆమెది. ఆమె కూతురు జమున, ఇరవై ఒక్కేళ్ల పిల్ల, సోమవారం పొద్దున బస్సెక్కి ఈ ఊళ్లో స్పోకెన్ ఇంగ్లిష్ క్లాసుకు వచ్చింది. తిరిగి ఇంటికి పోలేదు. మంగళవారం ఫిర్యాదు రాసుకున్నది నేనే. ఆ రోజు తారి నా చెయ్యి పట్టుకుని అరిచింది. బుధవారం ఏడ్చింది. గురువారం నుంచి నోరు తెరవడం లేదు. అరుపు కన్నా ఏడుపు కన్నా నాకు ఈ మూడోదే భయం.

"ఏమన్న తిన్నవా చెల్లే?"

పక్కన నిలబడ్డ ఆమె భర్త మాన్‌సింగ్ జవాబిచ్చాడు.

"తినలే సారమ్మా. పిల్ల మంచిగనే ఉన్నదని ఎస్సై సారు చెప్తనే ఉండు. రోజూ ఏడింటికి గొంతు ఇనవడ్తనే ఉన్నది. నేను నమ్మిన. గిది నమ్మది."

ఆ గొంతే ఈ కేసును నాలుగు రోజులుగా నిద్రపుచ్చింది. జమున చేరిన ఇన్‌స్టిట్యూట్‌లో ఒక నియమం ఉంది. రోజుకొక పొట్టి మాట నేర్పుతారు. అమెరికావాళ్లు నోట్లోనే నమిలేసి మాట్లాడతారే, ఆ మాటలు: గొన్నా, వాన్నా, లెమ్మీ, గిమ్మీ, డన్నో, గాటా. ఆ రోజు మాటతో సొంతంగా రెండు వాక్యాలు చెప్పి, సాయంత్రం సరిగ్గా ఏడింటికి వాట్సాప్ గ్రూపులో ఆడియో వెయ్యాలి. జమున ఫోను సోమవారం నాలుగూ నలభైకి స్విచ్ఛాఫ్ అయింది. అయినా సోమ, మంగళ, బుధ, గురు, నాలుగు రోజులూ సరిగ్గా ఏడింటికి ఆమె నంబరు నుంచే ఆమె గొంతు వచ్చింది.

"ఓదెమ్మక్కా, మళ్ల కూసోబెట్టినవా వీళ్లను?"

ఎస్సై కరుణాకర్ టోపీ సర్దుకుంటూ వచ్చాడు. ముప్పై నిండని మనిషి, పెద్ద చదువు. నన్ను అక్క అని పిలిచేది గౌరవంతో కాదని ఇద్దరికీ తెలుసు.

"మూడింటికి ప్రెస్ మీట్. పిల్ల మేజరు, ఇష్టపడి పోయింది, అయిపోయింది. జనగామల పట్టుకున్న ఆ ప్రేమ్‌చంద్ గాడు ఇయ్యాల కాకపోతే రేపు ఒప్పుకుంటడు."

"ఇద్దరు ఒకటే కాలేజీల చదివిన్రు, గంతే గద సార్. పిల్ల వానితోని పోతే, వాడు మూడు రోజుల సంది లాకప్పుల ఎట్ల ఉన్నడు?"

"దోస్తుల ఇంట్ల పెట్టిండు. సిమ్ము తీసేసి వైఫై మీద ఆడియోలు వేస్తున్నది. సోమవారం ఆడియోల ఏమన్నదో తెలుసా? అమ్మకు చెప్పను, అమ్మ ఏడుస్తది అన్నది. ఇంగ్లిష్‌ల అన్నది కాబట్టి నీకు అర్థం కాలె. అంతే."

"మిగతా మూడిట్ల ఏమన్నది?"

"అన్నీ గవే గొన్నాలు, వాన్నాలు. క్లాసు పాఠాలు."

నేను సంచీలోంచి నోటుబుక్కు తీశాను. ఇన్‌స్టిట్యూట్ నడిపే కల్యాణ్ సార్ గ్రూపు మొత్తం స్టేషన్ ఫోనుకు పంపించి ఉన్నాడు. నిన్న రాత్రి బియ్యం ఏరుకుంటూ నలభై మంది ఆడియోలూ వరసగా విన్నాను. ఒక్క ముక్క అర్థం కాలేదు. అర్థం కాలేదు కనుకనే చప్పుడు మీద ధ్యాస నిలిచింది. ఎవరు ఏ రోజు ఏ పొట్టి మాట అన్నారో తెలుగులో రాసుకున్నాను.

"చూడున్రి సార్. బుధవారం అందరు వాన్నా అన్నరు, జమున లెమ్మీ అన్నది. గురువారం అందరు లెమ్మీ అన్నరు, జమున గిమ్మీ అన్నది. పాఠం కన్న ఒకరోజు ముందుకు పోతున్నది."

"తెలివిగల పోరి."

"మంగళవారం కరెంటు లైను పని ఉండి క్లాసే పెట్టలె. పొట్టి మాటలు ఒకరోజు ఎనకకు జరిగినయి. ఆ రోజు గ్రూపుల ఒక్కలు గూడ ఆడియో వెయ్యలె. జమున ఒక్కతే వేసింది. పాఠం లేని రోజు పాఠం అప్పజెప్పిందెవరు సార్?"

కరుణాకర్ నోటుబుక్కు వైపు చూడనైనా లేదు.

"బియ్యం ఏరినట్టు కేసులు ఏరకక్కా. రాళ్లు కూడ బియ్యం లెక్కనే కనవడ్తయి."

నేను తారిని లేపి ఆటో ఎక్కించాను. మాన్‌సింగ్ ఎస్సై దగ్గరే ఉండిపోయాడు, నమ్మకం ఉన్న చోట.

*

పదీ నలభై. ఇన్‌స్టిట్యూట్ ఒక చెప్పుల దుకాణం పైన రెండు గదులు. కల్యాణ్ సార్ హాజరు పుస్తకం తెచ్చి ముందే విప్పి పెట్టాడు. సోమవారం జమున వచ్చింది పదీ ఐదుకు, పోయింది నాలుగింటికి. సంతకం ఆమెదే.

"అంతకుమించి నాకు తెలువది మేడం. పిల్లలు గేటు దాటినంక నా బాధ్యత కాదు గద."

"గేటు దాటినంకనే తల్లులకు మొదలైతది సార్. మీ ఆడియో గది చూపియ్యి."

అది గది కాదు, సామాన్ల కొట్టు. బజారు చప్పుడు రాకుండా నాలుగు గోడలకూ పాత బొంతలు వేలాడదీశారు. ఒక కుర్చీ, ఒక మైకు, ఒక కంప్యూటరు. తలుపు వేస్తే నా ఊపిరి నాకే వినిపించింది. ఈ బొంతల మధ్య మనిషి అరిచినా మెట్ల మీదికి వినబడదు. నా మనసు ఎటో పోయింది. గోడలు తడిమాను, కుర్చీ కింద చూశాను. ఏమీ లేదు. తలుపు వెనక మాత్రం ఒక కాగితం అతికించి ఉంది. ఎవరెవరు ఏ టైముకు ఈ గదిలో ప్రాక్టీసు చెయ్యాలో రాసిన పట్టీ. అందరికీ రోజుకు పది నిమిషాలు. జమున పేరు ఒక్క శనివారం కిందనే ఉంది. పన్నెండు నుంచి ఒంటిగంట.

"ఈ రాత ఎవరిది?"

కల్యాణ్ వెనక్కి చూశాడు. గుమ్మంలో ఒక అమ్మాయి నిలబడి ఉంది. ఉమ. జఫర్‌గఢ్ పిల్ల, ఆఫీసు పని చూసుకుంటూ కొత్తవాళ్లకు పాఠం చెబుతుంది.

"నాదే మేడం."

"అందరికి రోజూ పది నిమిషాలు. జమునకు వారానికి ఒక్కటే గంట. ఎందుకు?"

ఆమె చున్నీ కొస వేలికి చుట్టుకుంటోంది, విప్పుతోంది.

"అడుగుతున్న బిడ్డా. నా వెనక నిలవడ్డది జమున తల్లి. ఆమె దిక్కు చూసి చెప్పు."

ఉమ తారిని చూసింది. చూసిన వెంటనే కూలబడింది.

"వాళ్ల తండాల సిగ్నల్ ఉండది మేడం. పొద్దుగూకే వరకు ఇంటికి పోతది, ఏడింటికి ఆడియో ఎట్ల వేస్తది? రెండుసార్లు ఆబ్సెంటు పడ్డది. మూడుసార్లు పడితే పేరు తీసేస్తరు. అందుకని శనివారం కూసోబెట్టి ఆరు రోజులయి ఒక్కసారే రికార్డు చేయించిన. ఆమె వాట్సాప్ ఈ కంప్యూటర్ల తెరిచి పెట్టిన. రోజూ ఏడింటికి ఒక్కటొక్కటి నేనే వేస్త."

"సోమవారం సంది వచ్చినయన్ని..."

"పోయిన శనివారం రికార్డులు మేడం."

కల్యాణ్ నోరు తెరుచుకుని ఉమను చూస్తున్నాడు. ఆయనకూ ఇది కొత్త.

"పిల్ల కనవడ్తలేదని పోలీసులొచ్చినంక గూడ ఎట్ల వేసినవే?"

"ఎవరితోనో ప్రేమల పోయిందన్నరు మేడం. నాలుగు దినాలకు మళ్లొస్తది, వచ్చేసరికి పేరు ఉండాలె గద అనుకున్న. మంగళవారం క్లాసు లేదన్న సంగతి గూడ మరిచిపోయి అలవాటు చొప్పున వేసిన." ఆమె వెక్కుతోంది. "నన్నెవ్వరు అడగలె మేడం. సార్‌నే అడిగిన్రు."

ఎవరో చేసిన మోసం కాదు. ఒక పిల్ల హాజరు పోకూడదని ఇంకొక పిల్ల చేసిన సాయం. ఆ సాయం మా కళ్లకు గంతలు కట్టింది. సోమవారం నాలుగూ నలభై తర్వాత జమున బతికి ఉన్నదనడానికి నా దగ్గర ఇప్పుడు ఏ ఆధారమూ లేదు.

తారికి ఎంత అర్థమైందో తెలియదు. గోడకున్న బొంత కొసను పట్టుకుని నిలబడి ఉంది.

"ఆ ఆడియోలు పెట్టు," అన్నాను. "వరసగ. ఒక్కొక్కటి తెలుగుల చెప్పు."

ఉమ కళ్లు తుడుచుకుని కంప్యూటరు ముందు కూర్చుంది. జమున గొంతు వచ్చింది. సన్నని గొంతు, తొందర.

"సోమవారానిది. అమ్మకు చెప్పను, అమ్మ ఏడుస్తది."

"మంగళవారం?"

"నాకు ఆ పని చెయ్య మనసైత లేదు. సార్‌కు చెప్పాలనుకుంటున్న."

"బుధవారం."

"నన్ను పోనియ్యున్రి సార్. నేను ఎవ్వరికి చెప్ప."

"గురువారం."

"నా సర్టిఫికెట్లు నాకియ్యున్రి. పదో తరగతి మెమో, డిగ్రీ మెమో, అన్ని ఒరిజినల్సు."

అప్పుడు నాకు తట్టింది. ఇవి పాఠాలు కావు. సొంత వాక్యాలు చెప్పమన్నారు కదా, ఈ పిల్ల సొంతవే చెప్పింది. సోమవారం ఎవరి ముందో నిలబడి అనాల్సిన మాటలను ఆరు ముక్కలుగా ముందే చదువుకుంది. వాటిని నలభై మంది విన్నారు. కల్యాణ్ సార్ ఒక్కోదాని కింద బొటనవేలు పైకెత్తిన బొమ్మ పెట్టి, ఇంకా ఫాస్టుగా అనాలని రాశాడు. ఏం అంటోందో ఎవరూ వినలేదు.

"శుక్రవారానిది, ఇయ్యాల వెయ్యాల్సింది, పెట్టు."

"అది ఏ ఇల్లో నాకు తెల్వది, భూపాలపల్లిల ఎక్కడనో. ఆ గదిల నలుగురు పిల్లలున్నరు. వాళ్లు ఎందుకు మాట్లాడరో నాకు తెల్వది."

అంటే శనివారానికి ముందే ఈ పిల్ల ఆ ఇంటికి ఒకసారి పోయొచ్చింది.

"సార్ అన్నది," వెనక నుంచి కరుణాకర్ గొంతు. ఎప్పుడు వచ్చాడో, గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ముఖం పాలిపోయి ఉంది, గొంతులో అధికారం మాత్రం తగ్గలేదు. "సార్ అంటే ఎవడు? ఈ కల్యాణ్ గాడే. నడువ్‌రా స్టేషన్‌కు."

"నేను కాదు సార్! నా ఇద్దరు పిల్లల మీద ఒట్టు!"

"ఒట్టు లాకప్పుల పెట్టుకో."

ఆయన కల్యాణ్ చొక్కా పట్టుకున్నాడు. నేను కంప్యూటరు దగ్గరికి జరిగాను. జమున వాట్సాప్ అది. ఇంగ్లిష్ అక్షరాలు కూడబలుక్కుని చదవగలను, అంకెలు బాగా చదవగలను. గ్రూపును సోమవారం దాకా వెనక్కి జరిపాను. ఏడింటికి జమున ఆడియో. దాని కింద, ఏడూ ఆరుకు, సన్నని అక్షరాలతో ఒక గీత.

"ఉమా, గిదేంది?"

"జయపాల్ సార్ గ్రూపుల నుంచి వెళ్లిపోయిండని, మేడం."

"ఎవరీ జయపాల్?"

జవాబు కల్యాణ్ ఇచ్చాడు, కరుణాకర్ చేతిలో వేలాడుతూనే. "ఉద్యోగాలు పెట్టిస్తడు మేడం. భూపాలపల్లిల కాల్ సెంటరు ఉన్నదన్నడు. పొట్టి మాటలు గడగడ మాట్లాడేటోళ్లను ఏరుకపోతడు. గట్ల మాట్లాడితే ఫోన్ల అవతలోళ్లు తమోళ్లే అనుకుని నమ్ముతరంట."

"నమ్మించి ఏం చేస్తరు?"

"నేను... అడగలె."

"సర్టిఫికెట్లు?"

"వెరిఫికేషన్‌కని ఆయననే తీసుకున్నడు."

నేను కరుణాకర్ వైపు తిరిగాను. "సార్, సోమవారం ఏడింటికి ఆ పిల్ల గొంతు ఇన్నోళ్లందరు పాఠం ఇన్నరు. ఒక్కడు మాత్రం ఆరు నిమిషాల్ల గ్రూపు ఇడిచి ఉరికిండు. ఎందుకు? ఆ పిల్ల మాట్లాడేటట్టు లేదని వానికొక్కనికే ఎరుక. ఆమె ఫోను వాని జేబుల ఉన్నది. గంత బందోబస్తు పెట్టినంక గొంతెట్ల వచ్చిందని జడుసుకున్నడు."

కల్యాణ్ చొక్కా వదిలేశాడు కరుణాకర్. గోడ గడియారం చూశాడు. పదకొండూ యాభై. మూడింటి ప్రెస్ మీట్ గుర్తొచ్చి ఉంటుంది.

"వాడు ఎక్కడున్నడు?"

"నిన్న జనగామ పోయిండు సార్," అంది ఉమ. "అక్కడి పిల్లలకు రేపు ఇంటర్వ్యూలు."

జనగామ. శృతి ఇవాళ బస్సెక్కిందా? దిగిందా? ఫోను తీసి చూశాను. 'ఎక్కిన' అని ఒకటి, 'దిగిన, కాలేజీల ఉన్న, పరేషాన్ గాకు' అని ఒకటి. ఫోను మళ్లీ లోపల పెట్టాను. ఇంకొకరి బిడ్డకు ఆ రెండు ముక్కలూ రాక ఇవాళ్టికి ఐదో రోజు.

"టవర్ లొకేషన్ పెట్టిస్త," అన్నాడు కరుణాకర్. "జనగామల పట్టుకుని, కొట్టి అడుగుతం. ఇల్లు వాడే చూపిస్తడు."

"వాడు చూపెట్టేసరికి ఎన్ని గంటలైతది? నిన్నటి సంది వాడు అక్కడ లేడు. ఆ గదిల నీళ్లున్నయో లేవో. నీళ్లు లేకుంట మనిషి ఎన్ని దినాలుంటదో నీ పుస్తకాలల్ల ఉన్నదా సార్?"

"అయితే ఏం చేద్దామంటవ్?"

"ఈ కంప్యూటర్ల నుంచే వానికి ఫోను కొడ్త. వాని ఫోన్ల జమున పేరు పడ్తది. జడుసుకున్నోడు నోరు జారుతడు."

"పిచ్చా నీకు? వాడు అలర్టయి ఆ పిల్లను ఖతం చేస్తడు!"

"జనగామల ఉండి ఎట్ల చేస్తడు? ఆడ ఇంకెవడన్న ఉంటే మాత్రం..." ఆ భయం నాకు లేదని కాదు. కరుణాకర్ చెప్పకముందే నా కళ్ల ముందు మూడు రకాలుగా జరిగిపోయింది. "ఉంటే గా పాపం నాది. సస్పెండ్ చెయ్యున్రి, ఉరి తియ్యున్రి. కొట్టనియ్యున్రి ఒక్కసారి."

కరుణాకర్ కల్యాణ్‌ను బయటికి తోసి, జనగామ స్టేషన్‌కు ఫోను కలిపి, ఆ పేరూ నంబరూ చెప్పి, తిరిగొచ్చి తలుపు తనే మూశాడు.

"మైకు దగ్గర ఎవ్వరు ఊపిరి గూడ తియ్యొద్దు," అన్నాడు.

నేను తారి ముందు కూర్చున్నాను. "చెల్లే, ఇప్పుడు నీ బిడ్డ గొంతు వస్తది. నువ్వు నోరు తెరిస్తే అంతా ఆగమైతది. అర్థమైందా?"

తారి తలపై కొంగు తీసి, ఉండగా చేసి, పళ్ల మధ్య పెట్టుకుంది.

"మేడం," గుసగుసగా అంది ఉమ, "జయపాల్ సార్‌తోని తెలుగుల మాట్లాడితే ఇనవడనట్టే ఉంటడు. ఇంగ్లిష్‌ల అడుగు, అప్పుడు చెప్త అంటడు. అందుకనే జమున గవన్ని..."

"తెలిసింది బిడ్డా. శనివారం ఆడియో తయ్యారు పెట్టు. అదొక్కటే ఇంకా ఎవ్వరు ఇనలే."

ఉమ జయపాల్‌కు కొట్టింది. అటు ఫోను మోగింది. మోగి మోగి ఆగిపోయింది. మళ్లీ కొట్టించాను. ఆరుసార్లు మోగింది. ఏడోసారికి తెర మీద అంకెలు కదలడం మొదలైంది. ఎత్తాడు. పలకడం లేదు. అటు ఏదో మోటారు చప్పుడు, దూరంగా హారను.

నేను ఉమ భుజం తట్టాను. జమున శనివారం పాఠం సన్నని గొంతుతో, తొందరతో, మైకులోకి పోయింది.

"ఐ గాటా గో హోమ్ సార్. మై మదర్ ఈజ్ వెయిటింగ్."

ఇంటికి పోవాలి సార్, మా అమ్మ ఎదురుచూస్తున్నది. ఈ ఒక్కటి ఉమ చెప్పకుండానే నాకు అర్థమైంది.

తెర మీద పది సెకన్లు. పదిహేను. తారి కళ్లు పెద్దవయ్యాయి, దవడ బిగిసింది, కొంగు తడిసిపోతోంది. ఇరవై. కరుణాకర్ పెదవులు కదులుతున్నాయి, దేవుణ్ని తలుచుకుంటున్నాడో అంకెలు పలుకుతున్నాడో. ముప్పై. అటు ఊపిరి వినిపించింది, మెట్లెక్కి వచ్చిన మనిషి ఊపిరి లాగా. పెట్టేస్తాడు, ఇప్పుడు పెట్టేస్తాడు అనుకున్నాను.

నలభై ఒకటో సెకనుకు జయపాల్ జవాబిచ్చాడు. తెలుగులోనే ఇచ్చాడు.

"తాళంచెయ్యి నా దగ్గర్నే ఉన్నది గదనే... తలుపెవరు తీసిన్రు నీకు?"